బడి డబ్బుల మీద మీ ఎమ్మెల్యే మాట ఏమిటి? కాగితాలతో తేల్చుకునే పద్ధతి

ప్రభుత్వ బడి వద్దనే నాయకుడు ఎక్కడా కనపడడు. బడి బాగుండాలని, పేదపిల్లలు చదువుకోవాలని అందరూ అంటారు. అందుకే "మీరు ప్రభుత్వ బడుల వైపేనా సార్" అని అడిగితే వచ్చే జవాబుతో ఏమీ తేలదు. ఏ ఖర్చుకు ఎంత పెట్టాలి, ఆ డబ్బు ఏ నెలలో రావాలి, చాలకపోతే ఏది ముందు ఏది వెనక అని అడిగినప్పుడే ఎవరి అభిప్రాయం ఏమిటో బయటపడుతుంది.

నేను ఆదోని డివిజన్‌లోని ఒక ఊళ్ళో బట్టలు కుడతాను. మా మండల పరిషత్ ప్రాథమిక బడి తల్లిదండ్రుల కమిటీకి ఛైర్‌పర్సన్‌ని. 2024 ఆగస్టులో జరిగిన కమిటీ ఎన్నికల్లో మా ఊరి తల్లులే నన్ను నిలబెట్టారు. అప్పటినుంచి ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ, మంత్రి చెప్పే మాటలను కాగితంతో సరిచూసుకోవడం అలవాటు చేసుకున్నాను. అది ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. పెద్ద చదువు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఇంట్లో ఎవరిదైనా స్మార్ట్‌ఫోను, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు మీ బడి లెక్క మీ చేతిలో ఉండాలి

ఎమ్మెల్యే దగ్గరకు వెళ్ళే ముందు చెయ్యాల్సిన పని ఇది. మీ బడి లెక్క మీకే తెలియకపోతే ఆయన ఏం చెప్పినా తలూపి రావాల్సిందే.

ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, అది బడి గుర్తింపు నంబరు. మన ఆంధ్రప్రదేశ్‌లో అది 28తో మొదలవుతుంది. హెడ్మాస్టర్ గారిని అడిగితే చెప్తారు, చాలా బడుల్లో గోడమీదే రాసి ఉంటుంది. యూడైస్ ప్లస్ సైట్‌లో ఆ కోడ్ కొడితే పిల్లలు ఎంతమంది, టీచర్లు ఎంతమంది, గదులెన్ని, నీళ్ళు, మరుగుదొడ్లు ఉన్నాయా లేవా అన్నీ వస్తాయి. అందులో ఉన్నదీ బడిలో ఉన్నదీ ఒకటేనా అని చూసుకోండి. మరుగుదొడ్డి పనిచేస్తోందని అక్కడ ఉండి ఇక్కడ దానికి తాళం వేసి ఉంటే, పైవాళ్ళ దృష్టిలో మీ బడికి ఆ సమస్యే లేదు.

తర్వాత గ్రాంటు. కేంద్రం, రాష్ట్రం కలిసి బడులకు డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ఏటా బడికి కాంపోజిట్ గ్రాంటు వస్తుంది. పిల్లల సంఖ్యను బట్టి ఎంతివ్వాలో మార్గదర్శకాల్లో ఉంది: 30 మంది లోపు ఉంటే 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, ఆపైన 1,000 వరకు 75,000, అది దాటితే లక్ష. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్నచిన్న రిపేర్లు అన్నీ ఇందులోనే సర్దుకోవాలి. 100 మంది ఉన్న బడికి 25,000 వస్తే, 101వ బిడ్డ పేరు చేరిన బడికి 50,000 వస్తుంది. అందుకే చేరికల సమయంలో ఊళ్ళో బడికి రాని బిడ్డ ఒక్కరు కూడా మిగలకుండా చూసుకోవాలి.

గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని చూసే హక్కు కమిటీకి ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో 21వ సెక్షన్ చదవండి. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, వచ్చిన గ్రాంట్లు ఎలా వాడుతున్నారో కమిటీ చూడాలి అని అందులో స్పష్టంగా ఉంది. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది కూడా కమిటీయే. మన ఊళ్ళల్లో కమిటీ అంటే సంతకం పెట్టి టీ తాగి రావడం అనుకుంటారు. మా హెడ్మాస్టర్ గారు మంచివారు, అడగగానే క్యాష్‌బుక్ తీసి బల్లమీద పెట్టారు. అందరూ అలా ఇవ్వరు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అర్జీ పెట్టండి. మన రాష్ట్రంలో మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇప్పుడు చాలామంది మర్చిపోయే డబ్బు గురించి చెప్తాను. బిడ్డను చదివించే తల్లికి ప్రభుత్వం డబ్బిచ్చే పథకం తల్లికి వందనం. దాని కింద బిడ్డకు 15,000 అంటారు, తల్లి ఖాతాలో పడేది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్ల నిర్వహణకు పక్కన పెడతారు. గత ప్రభుత్వంలో అమ్మఒడి ఉన్నప్పుడు కూడా మొదట 1,000, తర్వాత 2,000 ఇలాగే పట్టుకున్నారు. పార్టీలు మారినా ఈ పద్ధతి మారలేదు. మా బడిలో 96 మంది పిల్లలున్నారు. అందరూ అర్హులే అనుకుంటే 2,000 లెక్కన 1,92,000 రూపాయలవుతుంది. కాంపోజిట్ గ్రాంటు 25,000 పక్కన ఈ అంకె రాసి చూడండి. ఇది తల్లుల పేరుమీద వచ్చిన డబ్బు. అందులో మన బడికి తిరిగొచ్చింది ఎంత, మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయమ్మ జీతానికి ఎంత పోయింది, మిగిలింది ఎక్కడుంది అని అడిగే హక్కు తల్లికి కాక ఎవరికుంటుంది? నా దృష్టిలో ఎమ్మెల్యేను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఎవరి చేతిలో ఏముంది

టీచర్ల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. సమగ్ర శిక్షలోనూ మధ్యాహ్న భోజనంలోనూ కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో చదువు ఉమ్మడి జాబితాలోకి వెళ్ళింది కాబట్టి ఇద్దరిదీ బాధ్యతే. అందుకే "అది కేంద్రం డబ్బమ్మా" అనే మాట మీకు తప్పకుండా వినపడుతుంది. అప్పుడు "మన 40 వాటా విడుదలైందా సార్" అని అడగండి. ఎంపీని అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆయనకు ఏటా 5 కోట్ల ఎంపీ నిధులుంటాయి, వాటితో బడికి గది కట్టించవచ్చు. ఫ్యాను పాడైతే, గేటు విరిగితే ఎమ్మెల్యే దాకా పోవద్దు. అది హెడ్మాస్టర్, ఎంఈవో, పంచాయతీ చూసుకునే పని. పెద్దమనిషిని చిన్న పని అడిగితే ఆ పని చేసిపెట్టి పెద్ద ప్రశ్న నుంచి తప్పించుకుంటారు.

ఓటు చూసి అభిప్రాయం తెలుసుకోలేం

సభలో ఎవరు ఎటు ఓటేశారో చూస్తే సరిపోదా అని మా తమ్ముడు అడిగాడు. సరిపోదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల పార్టీ విప్ (ఇలాగే ఓటేయాలనే ఆదేశం) ఇస్తే సభ్యుడు దానికి ఎదురు ఓటేయలేడు, వేస్తే సభ్యత్వం పోతుంది. బడ్జెట్‌కు అధికార పార్టీ వాళ్ళందరూ 'అవును' అంటారు. దాన్నిబట్టి మన ఎమ్మెల్యేకు మన బడి మీద శ్రద్ధ ఉందనీ లేదనీ చెప్పలేం.

విప్ అడ్డం రాని చోట్లు చూడాలి. ప్రశ్న వేయడానికి విప్ అడ్డురాదు. పద్దులపై (ఒక్కో శాఖ ఖర్చుపై) చర్చలో మన మండలం పేరెత్తడానికీ, మంత్రికి ఉత్తరం రాయడానికీ ఎవరూ వద్దనరు. అధికార పార్టీ సభ్యుడు కూడా ఈ పనులు చేయవచ్చు, చేసేవాళ్ళు ఉన్నారు. చేశారా లేదా అన్నదే మనం తెలుసుకోవాలి.

బడ్జెట్ పుస్తకం తెరవడం

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. ఒకసారి పట్టుబడితే ఎవరూ మిమ్మల్ని అంకెలతో భయపెట్టలేరు.

రాష్ట్ర ఆర్థిక శాఖ సైట్‌లో బడ్జెట్ పత్రాలు ఏటా పెడతారు. మన ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారు అనంతపురం జిల్లా ఉరవకొండ ఎమ్మెల్యే. అంటే రాష్ట్రం మొత్తానికి డబ్బు పంచే పుస్తకం సీమ మనిషి చేతుల మీదుగానే సభకు వస్తోంది. ముందు ఆయన బడ్జెట్ ప్రసంగం చదవండి, అది తెలుగులోనూ ఉంటుంది. అందులో పాఠశాల విద్యకు ఎంత అన్నారో రాసుకోండి. 2024 నవంబరులో పెట్టిన 2024-25 బడ్జెట్ మొత్తం సుమారు 2.94 లక్షల కోట్లు, అందులో పాఠశాల విద్యకు 29,909 కోట్లు. 2025 ఫిబ్రవరి 28న పెట్టిన 2025-26 బడ్జెట్ సుమారు 3.22 లక్షల కోట్లు, పాఠశాల విద్యకు దాదాపు 31,805 కోట్లు.

పెరిగిందా? రూపాయల్లో పెరిగింది. కానీ మొత్తంలో ఎంతవంతు అని లెక్కేయండి. మొదటి ఏడాది నూటికి సుమారు 10.2, రెండో ఏడాది సుమారు 9.9. మీటింగులో "1,900 కోట్లు పెంచాం" అని చెప్పినా నిజమే, "వాటా కొంచెం తగ్గింది" అని చెప్పినా నిజమే. రెండూ తెలిసినవాళ్ళు ఏ మీటింగులోనూ మోసపోరు. కొత్త ఏడాది బడ్జెట్ రాగానే ఇదే లెక్క ఫోను క్యాలిక్యులేటర్‌లో వేసుకోండి.

తర్వాత పద్దుల పుస్తకం. అందులో 2202 అనే నంబరు వెతకండి, అది 'సాధారణ విద్య'. దాని కింద 01 అంటే ప్రాథమిక విద్య, 02 అంటే ఉన్నత పాఠశాల చదువు. కొత్త గదులు కట్టడం లాంటి ఖర్చు 4202 కింద ఉంటుంది. పేజీ పైన అంకెలు వేలల్లో ఉన్నాయా, లక్షల్లో ఉన్నాయా అని రాసి ఉంటుంది. ముందు అది చూసుకోండి, లేకపోతే కోటి లక్షగా కనపడుతుంది. ప్రతి వరుసలో నాలుగు అంకెలుంటాయి: రెండేళ్ళ కిందట నిజంగా ఖర్చయింది, పోయిన బడ్జెట్‌లో ఇస్తామన్నది, తర్వాత సవరించుకున్నది, ఈ ఏడాది ఇస్తామంటున్నది. పేపర్లు నాలుగో అంకె వేస్తాయి. మీరు మొదటి మూడూ చూడండి. ఇస్తామన్న అంకె కంటే సవరించిన అంకె బాగా తక్కువైతే ఆ పథకానికి మధ్యలో కోత పడిందని అర్థం. నిజంగా ఖర్చయిన అంకె రెండేళ్ళ కిందటిది కాబట్టి దాన్ని ఆ ఏడాది పుస్తకంలో ఇస్తామన్న అంకెతో పోల్చండి. అది బాగా తక్కువైతే, ప్రకటన చేశారే గాని డబ్బు బడి దాకా రాలేదని అర్థం.

బడిపిల్లల డబ్బంతా ఒకే పద్దులో ఉండదు. గురుకులాలు, హాస్టళ్ళు, స్కాలర్‌షిప్పులు సంక్షేమ శాఖల కింద ఉంటాయి. 2025-26లో తల్లికి వందనానికి 9,407 కోట్లు అన్నారు. చదువుకు మొత్తం ఎంత అని ఎవరైనా పెద్ద అంకె చెప్తే, ఏ పద్దులు కలిపి చెప్తున్నారో అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన నాయకుడు లెక్క చదివి వచ్చాడని అర్థం. అలాంటి వాళ్ళకు నేను పార్టీతో పనిలేకుండా గౌరవం ఇస్తాను.

సభలో ఏం మాట్లాడారో వెతకడం

మన అసెంబ్లీలో 175 మంది, మండలిలో 58 మంది ఉంటారు. శాసనసభ సైట్‌లో ప్రశ్నల జాబితాలు, చర్చల నకళ్ళు దొరుకుతాయి. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్తారు, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది. మీ ఎమ్మెల్యే పేరుతో వెతికి ఆయన వేసిన ప్రశ్నలన్నీ ఒక పేజీలో రాసుకోండి. రోడ్లు, తాగునీళ్ళు, హంద్రీనీవా కాలువ మీద ఎన్ని, బడుల మీద ఎన్ని అని చూస్తే ఆయన మనసు ఎటు ఉందో తెలుస్తుంది. బడుల మీద వేసినవాటిలో మన నియోజకవర్గం గురించి ఉన్నవి వేరుగా గుర్తుపెట్టండి. పాఠశాల విద్య పద్దు చర్చకు వచ్చిన రోజు ఆయన సభలో మాట్లాడారా లేదా కూడా చూడండి.

2024 తర్వాత వైఎస్సార్‌సీపీకి 11 మంది ఎమ్మెల్యేలున్నారు. ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని వాళ్ళు సభకు ఎక్కువగా దూరంగానే ఉంటున్నారు. పులివెందుల, ఆలూరు, మంత్రాలయం, బద్వేలు వైపు ఓటర్లకు దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది, సభ నకళ్ళలో తమ ఎమ్మెల్యే మాట దొరకదు. అలాంటి చోట్ల ప్రెస్‌మీట్లు, కలెక్టర్‌కు ఇచ్చిన వినతిపత్రాలు, జెడ్పీ సమావేశంలో మాటలు చూడాలి. అధికార పార్టీ ఎమ్మెల్యే ఉన్నచోట ఇబ్బంది వేరే రకం. మాటలు చాలా దొరుకుతాయి, వాటిలో ప్రశ్నలు తక్కువ, పొగడ్తలు ఎక్కువ.

మండలిని మర్చిపోవద్దు. కడప, అనంతపురం, కర్నూలు పాత జిల్లాలు మూడింటికీ కలిపి ఒక టీచర్ల ఎమ్మెల్సీ, ఒక పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉంటారు. బడుల గురించి సభలో వివరంగా మాట్లాడేది చాలాసార్లు వీళ్ళే. టీచర్ల ఎమ్మెల్సీకి ఓటేసేది టీచర్లు కాబట్టి బదిలీలు, పీఆర్సీ (జీతాల సవరణ), పింఛన్ల విషయాలు ముందుంటాయి. అందులో తప్పేం లేదు, కానీ తల్లిదండ్రుల ప్రశ్న మనమే ఆయన దగ్గరకు తీసుకెళ్ళాలి. ఒక్క విషయం, పద్దుల మీద ఓటు అసెంబ్లీదే, మండలికి లేదు. వాళ్ళు అడగగలరు, ఆపలేరు.

పార్టీ మాటనూ మనిషి మాటనూ విడదీయడం

పెద్ద విషయాల్లో పార్టీల వైఖరి అందరికీ తెలిసిందే. వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం 2019 నవంబరులో బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలుపెట్టింది, ఇంగ్లీష్ మీడియం జీవోలు తెచ్చింది. ఆ జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. 2022లో 117 నంబరు జీవోతో 3, 4, 5 తరగతులను చాలాచోట్ల హైస్కూళ్ళకు కలిపారు. కూటమి ప్రభుత్వం 2025లో ఆ జీవో రద్దుచేసి మోడల్ ప్రైమరీ స్కూళ్ళు అంది, 16,347 టీచర్ పోస్టుల భర్తీకి మెగా డీఎస్సీ పెట్టింది, తల్లికి వందనం ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ ఇస్తోంది.

ఇవి పార్టీల మాటలు. వీటిని ఎమ్మెల్యేతో చెప్పిస్తే కొత్తగా తెలిసేదేమీ లేదు. మన మండలానికి తెచ్చి అడిగినప్పుడే ఆయన సొంత మాట వస్తుంది. మా వైపు నుంచి ఒక్క ఉదాహరణ చెప్తాను, దాని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆస్పరి వైపు వానలు సరిగ్గా పడని ఏడాది ఊళ్ళకు ఊళ్ళే సుగ్గికి, అంటే పనికోసం వలస పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీయడానికి, కర్ణాటకకు, తెలంగాణకు. టెంపోలో గిన్నెలు, బియ్యం మూట, కోళ్ళతోపాటు పిల్లలూ పోతారు. ఆ నెలల్లో మా బడికి వచ్చి టీచరమ్మ హాజరు తీస్తుంటే వినండి. పేరు పిలుస్తుంది, పక్కన కూచున్న పిల్ల జవాబు చెప్తుంది: "సుగ్గికి పోయినాడు టీచర్." తర్వాతి పేరు: "సుగ్గి, టీచర్." కొంచెంసేపటికి టీచరమ్మ పేర్లు పిలవడం ఆపేసి ఎదురుగా ఉన్నవాళ్ళకు టిక్కు పెడుతుంది.

ఈ పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. తల్లిదండ్రులు పోతే పిల్లలు ఊళ్ళోనే బడిలో తిని, పడుకుని చదువుకుంటారు. మంచి ఏర్పాటు. కానీ టెంపో ఎక్కకముందే హాస్టల్ తెరవాలి. బిడ్డను ఎక్కడ వదలాలో తెలియని తల్లి తీసుకునే పోతుంది. గుంటూరు చేరిన బిడ్డను హాస్టల్ తెరిచాం రా అంటే ఎవరు తెస్తారు? అంటే ఇక్కడ డబ్బు ఎంత అన్నదానికంటే ఏ నెలలో అన్నది ముఖ్యం. ఇంకో ముడి కూడా ఉంది. తల్లికి వందనానికి 75 శాతం హాజరు నిబంధన పెట్టారు. మామూలు బిడ్డకు అది మంచిదే. సుగ్గికి పోయిన బిడ్డకు హాజరు ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కువ అవసరమున్న తల్లికే ఆ 13,000 చేజారే ప్రమాదం ఉంది.

ఇలాంటి ప్రశ్నకు అమరావతిలో తయారైన జవాబు ఉండదు. అందుకే ఎమ్మెల్యే తన మాటే చెప్పాలి. మీ ఊళ్ళో ఇలాంటిది ఏదో వెతకండి. మడకశిర, రాయదుర్గం, ఆదోని సరిహద్దు ఊళ్ళల్లో కన్నడ మీడియం బడులకు టీచర్ పోస్టులు కావచ్చు. కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ మీడియం కావచ్చు. తరగతులు కలిపాక వాగు దాటి పోవాల్సిన పిల్లలు కావచ్చు. 1 నుంచి 5 తరగతులకు కిలోమీటరు లోపు బడి ఉండాలన్నది చట్టం కింద వచ్చిన నిబంధనే.

ఉత్తరం ఎలా రాయాలి

నోటితో అడిగితే "సూద్దాం లే మ్మా" అంటారు. ఆ మాట గాలికి పోతుంది. రాయలసీమ వాళ్ళం 1937లోనే కోస్తా నాయకులతో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురానికి విశ్వవిద్యాలయ కేంద్రం కావాలని కాగితం మీద రాయించుకున్నాం. కాగితం ఉంది కాబట్టే ఇప్పటికీ అడగగలుగుతున్నాం.

ఒకే పేజీ, మూడే ప్రశ్నలు. పొగడ్త వద్దు, తిట్టు వద్దు. మా కమిటీ రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన శాసనసభ్యులు గారికి, ఫలానా గ్రామం మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల కమిటీ నమస్కరించి రాయునది. మా బడిలో 96 మంది విద్యార్థులు ఉన్నారు. 1. తల్లికి వందనంలో బడి నిర్వహణకు పక్కన పెట్టిన 2,000 రూపాయల్లో మా బడికి ఈ విద్యాసంవత్సరం ఎంత విడుదలైందో తెలుసుకుని చెప్పగలరు. 2. వలస పిల్లల సీజనల్ హాస్టల్ దసరాకు ముందే తెరవాలని మీరు సభలో అడుగుతారా? 3. వలస కుటుంబాల పిల్లలకు 75 శాతం హాజరు నిబంధనపై మీ అభిప్రాయం ఏమిటి? మా తదుపరి కమిటీ సమావేశం ఫలానా తేదీన ఉంది. అప్పటిలోగా జవాబు ఇప్పించగలరు."

మొదటి ప్రశ్నకు అంకె కావాలి, రెండోదానికి అవుననో కాదనో చెప్పాలి, మూడోదానికి ఆయన అభిప్రాయం చెప్పాలి. మూడూ వేర్వేరు రకాలుగా పెడితే ఏదో ఒకటి తప్పకుండా తేలుతుంది.

ఒంటరిగా వెళ్ళొద్దు. మన ఊళ్ళల్లో ఆడమనిషి ఒక్కతే పోయి లెక్కలడిగితే సాయంత్రానికి ఆమెకు ఒక పార్టీ అంటగడతారు. "నీకెందుకు మ్మా, నువ్వు వాళ్ళ మనిషివంటారు" అని మా ఇంటిపక్క అవ్వ నాకు ముందే చెప్పింది. అందుకని కమిటీ తీర్మానం రాసి, రెండు పార్టీల ఇళ్ళ తల్లుల సంతకాలూ తీసుకున్నాం. ఒకే ఉత్తరాన్ని ఎమ్మెల్యేకూ, పోయినసారి ఓడిపోయిన అభ్యర్థికీ, ఇద్దరు ఎమ్మెల్సీలకూ ఇచ్చాం. అందరినీ ఒకటే అడిగినప్పుడు ఎవరూ వేలు చూపలేరు. జవాబులు పక్కపక్కన పెట్టి చూడడం కూడా తేలిక.

రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి పీఏకు ఇచ్చి రెండోదానిమీద తేదీ వేసి సంతకం పెట్టించుకోండి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ ఉంటే అది మంచి అవకాశం. 2024 డిసెంబరు 7న పవన్ కల్యాణ్ గారు కడప మున్సిపల్ హైస్కూలుకు వచ్చారు, 2025 జులై 10న ముఖ్యమంత్రి కొత్తచెరువు వచ్చారు. ఆ రోజుల్లో ఎమ్మెల్యేలు కూడా ఏదో ఒక బడిలో ఉంటారు, చుట్టూ టీచర్లు, అధికారులు ఉంటారు. అంతమంది ముందు ఇచ్చిన కాగితం అంత తేలిగ్గా పోదు.

జవాబు వచ్చాక

"పైకి రాశాం" అంటే ఆ లేఖ నంబరు, తేదీ అడగండి. నిజంగా రాసినవాళ్ళు సంతోషంగా ఇస్తారు. "కలెక్టర్ గారితో మాట్లాడాం" అంటే సోమవారం గ్రీవెన్స్‌లో (కలెక్టర్ అర్జీలు తీసుకునే రోజు) మీరూ అదే అర్జీ పెట్టి, రసీదు నంబరుతో మళ్ళీ ఎమ్మెల్యే ఆఫీసుకు చెప్పండి. "నిధులు లేవు" అంటే అది నిజాయితీ జవాబే, కోపం వద్దు. అప్పుడు పద్దుల పుస్తకంలో ఆ వరుస చూపించి, దీన్ని పెంచమని మీరు అడుగుతారా అని అడగండి. "వాళ్ళ హయాంలో పాడైంది" అన్నది మాత్రం జవాబు కాదు. నోటుబుక్కులో దానికెదురుగా ఖాళీ వదిలేయండి.

నోటుబుక్కులో ఎడమ పేజీలో వాళ్ళ మాట, ఎక్కడ అన్నారు, ఏ తేదీన అన్నది రాయండి. కుడి పేజీలో దానికి దొరికిన కాగితం రాయండి. మీకు నచ్చిన పార్టీ మనిషికీ ఇదే పద్ధతి పాటించండి. అక్కడ చెయ్యి వణికితే మీరు పెట్టిన లెక్కను పక్కింటివాళ్ళు కూడా నమ్మరు.

ఏ పని ఎప్పుడు

జూన్, జులైలలో పిల్లల లెక్క, యూడైస్ వివరాలు సరిచూసుకోండి. మా వైపైతే సుగ్గి ఉత్తరం ఆగస్టు దాటకుండా ఇవ్వాలి. డిసెంబరులో సభ ప్రశ్న కోసం ఉత్తరం ఇవ్వండి, ఎందుకంటే సభ్యులు ప్రశ్నకు ముందే నోటీసు ఇవ్వాలి, సమావేశాలు మొదలయ్యాక అడిగితే ఆలస్యమే. ఫిబ్రవరి, మార్చి బడ్జెట్ నెలలు, ప్రసంగమూ పద్దుల చర్చా ఫోనులోనే చూడొచ్చు. ఏప్రిల్‌లో పిల్లల పరీక్షలతోపాటు ఆ ఏడాది గ్రాంటు ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అని క్యాష్‌బుక్‌లో చూసుకుని, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీల దగ్గర్నుంచి వచ్చిన జవాబులన్నీ కమిటీ మీటింగులో గట్టిగా చదివించండి. రానివి రాలేదనే మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి. కింద హెడ్మాస్టర్ సంతకం, తేదీ ఉండేలా చూసుకోండి. ఆ పేజీ ఫోటో తీసి తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి.